స్టారుకు ముందు ఏమీ ఉండకూడదు

నాకు ముక్కు మీద కోపం. మా నాయన బతికున్నన్నాళ్లూ నన్ను అదే మాటతో ఆటపట్టించేవాడు. "నోరు తెరిచే ముందు ఒకసారి నీళ్లు తాగు తల్లీ, ఆ గుటక లోపల సగం కోపం పోతాది" అనేవాడు. ఆ మాట ఏనాడూ చెవికెక్కించుకోలేదు. ఎక్కించుకుని ఉంటే ఇప్పుడు ఈ సంగతి రాయవలసిన పని ఉండేది కాదు.

నేను భూగర్భజలాలు కొలిచే ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగిని. ఉండేది అనంతపురంలో. జిల్లాలు విడగొట్టినా మా పని మాత్రం ఇప్పటికీ పాత జిల్లా అంతటా ఉంది, ఇటు రాయదుర్గం నుంచి అటు గోరంట్ల దాకా. బోర్లలో వేలాడదీసిన నీటిమట్టం యంత్రాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. యంత్రమంటే పెద్దదేమీ కాదు, జానెడు స్టీలు గొట్టం. దాన్ని కేబులుకు కట్టి బోరులో నీళ్లు తగిలేదాకా దించుతాం. పైన సిమెంటు దిమ్మె మీద తాళం వేసిన ఇనుప డబ్బా, అందులో బ్యాటరీ, ఒక సిమ్ము. ఆరు గంటలకొకసారి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో అది రాసుకుంటుంది.

దూరం నుంచి దానికి పని చెప్పాలంటే ఫోన్‌లో మెసేజీ కొట్టాలి. దానికొక వరుస ఉంది. మొదట స్టారు గుర్తు. వెంటనే నాలుగంకెల రహస్య సంఖ్య. తర్వాత కామా. తర్వాత ఏం చేయాలో చెప్పే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఐ ఎన్ టి అంటే ఎంతసేపటికొకసారి రాసుకోవాలో మార్చమని. మళ్లీ కామా. ఆ తర్వాత మూడంకెల్లో నిమిషాలు. చివర హ్యాషు. మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. మనుషులైతే మనం తడబడినా "ఇదేలే చెప్పబోయింది" అని సర్దుకుపోతారు. ఆ యంత్రానికి సర్దుకుపోవడం తెలియదు. ఒక్క గుర్తు అటూ ఇటూ అయినా తప్పు అని తిప్పికొడుతుంది. వరుసగా మూడుసార్లు తప్పు వచ్చిందంటే, ఎవరో దొంగలు కెలుకుతున్నారనుకుని ఒక రోజంతా ఎవరు పిలిచినా పలకదు.

ఇంకొక మెలిక కూడా ఉంది. అది ఒక్క ఫోన్ నంబరు మాటే వింటుంది. మిగిలిన యంత్రాలన్నీ నా నంబరు మాట వింటాయి. శింగనమల పక్కన ఒక ఊళ్లో పెట్టిన యంత్రం మాత్రం వినదు. అది బిగించిన రోజుకు ఆ పక్క కొత్త టవరు ఇంకా రాలేదు, ఆ చేలల్లో నా ఫోన్‌కూ మా సారు ఫోన్‌కూ సిగ్నలు అందలేదు. అక్కడ పనిచేసింది ఒక్క మామ దగ్గరున్న బటన్ల ఫోన్. సరేలే అని దాని నంబరే ఎక్కించేశాను.

మామ అంటే నాకు చుట్టం కాదు. ఆ బోరు ఆయన చేను మూలలో ఉంది, డబ్బా తాళం ఆయన దగ్గరే ఉంటుంది. నేను మామా అని పిలుస్తాను, ఆయన నన్ను పాపా అంటాడు. ఇరవై ఏళ్లకు పైగా రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో పనిచేసి, నడుము పట్టేసిన తర్వాత ఊరికి తిరిగొచ్చాడు. సైజు లేబుళ్లు కుట్టీ కుట్టీ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ బాగా వచ్చాయి. దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది. యంత్రం బిగించిన రోజున మామ నాతో ఒక మాట అన్నాడు. "యూనిట్లో శాంపిల్ పీసని ఒకటి ముందర పెడతారు పాపా. అది ఎట్లుంటే అట్లే కుట్టల్ల. జేబు వంకరగా ఉంటే వంకరగానే కుట్టల్ల. మన తెలివి ఆడ పనికిరాదు."

నాకు ఆ మాట భలే నచ్చింది. దిమ్మె మీద కూర్చుని ఒక అట్టముక్క మీద యంత్రానికి పంపే మెసేజీని అక్షరం పొల్లుపోకుండా రాసిచ్చాను. "ఇదే నీ శాంపిల్ పీసు మామా. ఎప్పుడన్నా నేను ఫోన్ చేస్తే దీన్ని చూసి కొట్టు" అన్నాను. మామ ఆ అట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టి డబ్బా తలుపు లోపలివైపు అంటించుకున్నాడు. అప్పటి నుంచి రెండేళ్లు ఆ అట్ట అవసరమే రాలేదు. ఏ మార్పు చేయాలన్నా నేనే వెళ్లి, ల్యాప్‌టాప్‌కు కేబులు తగిలించి చేసుకునేదాన్ని.

ఈ ఏడు ఎండాకాలంలో ఆ ఊరి తాగునీటి బోరు గాలి తోలడం మొదలుపెట్టింది. మా యంత్రం ఉన్న బోరుకు పది అడుగుల దూరంలోనే ఉంటుందది. అంతకుముందు గంట మోటారు వేస్తే ఊరి ట్యాంకు నిండేది. ఇప్పుడు పావుగంట పోసి బుస్సుబుస్సుమని ఆగిపోతోంది. కారణం ఊరందరికీ తెలుసు. ఆ పక్కనే దానిమ్మతోట ఆసామి కొత్తగా లోతు బోరు వేయించాడు. అడిగితే ఆయనది ఒకటే మాట. "మా జల వేరు, ఊరి జల వేరు. కాదని చూపించండప్పా, రేపే మూసేస్తా."

ఆ చూపించే పని మా ఆఫీసు మీద పడింది. ఊరి మోటారు ఆపేసి, తోట మోటారు ఒక్కటే రెండు గంటలు నడపాలి. ఆ రెండు గంటలూ మా యంత్రం నిమిషానికొకసారి నీళ్ల లోతు రాసుకోవాలి. నీళ్లు దిగితే రెండు జలలూ ఒకటే అన్నట్టు. దిగినట్టు కాగితం మీద లేకపోతే ఆసామి గెలిచినట్టు, ఆ ఊరి ఆడవాళ్లు బిందెలతో ఇంకెక్కడికో నడవవలసిందే. ఆసామి ఒక్కసారికే ఒప్పుకున్నాడు. రెండోసారి తోటలో అడుగు పెట్టనివ్వనని మా సారుకు ముందే తెగేసి చెప్పాడు.

పరీక్ష శుక్రవారం అనుకున్నాం. నేను గురువారమే వెళ్లి కేబులుతో అన్నీ సరిచేసుకుందామనుకున్నాను. మంగళవారం గోరంట్ల దగ్గర ఒక యంత్రం మొరాయిస్తే అటు వెళ్లి, ఆ రాత్రికి అక్కడే లాడ్జిలో దిగాను. బుధవారం పొద్దున ఎనిమిది గంటలకు బస్టాండు పక్కన ఇడ్లీ ప్లేటు చేతిలోకి తీసుకున్నానో లేదో, సారు ఫోన్.

"ఆసామి రేపట్నుంచి ఊర్లో ఉండడంటమ్మా. ఈరోజు తొమ్మిదికి అంటాన్నాడు, లేకుంటే ఇంగ లేదంటాన్నాడు. మేము ఈడికొచ్చేసినాం. నువ్వు యంత్రానికి చెప్పేయి."

ప్లేటు అట్లాగే పట్టుకుని లెక్క వేసుకున్నాను. అక్కడి నుంచి బస్సెక్కినా మూడు గంటలకు పైనే పడుతుంది. యంత్రం మామూలుగా పొద్దున ఆరింటికి ఒకసారి, మళ్లీ పన్నెండింటికి ఒకసారి రాసుకుంటుంది. తొమ్మిది నుంచి పదకొండు దాకా తోట మోటారు నడిచి ఆగిపోతే, పన్నెండయ్యేసరికి నీళ్లు మళ్లీ పైకి వచ్చేస్తాయి. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో ఎక్కడా ఉండదు. టేపు దించి కొలుద్దామంటే కేబులు అడ్డం. యంత్రాన్ని బయటికి లాగితే రికార్డే తెగిపోతుంది.

మామకు ఫోన్ చేశాను.

"మామా, యాడున్నావు?"

"చేన్లోనే ఉండా పాపా. తోటకాడికి జీపులొచ్చినాయి గదా, చూస్తాండా."

"డబ్బా కాడికి పో. తలుపు తెరిచి, నేను రాసిచ్చిన అట్ట చూసి మెసేజీ కొట్టు. అదెట్లుందో అట్లే. చివర మూడొందల అరవై ఉంటాది చూడు, దాని బదులు సున్నా సున్నా ఒకటి పెట్టు. అంతే తేడా. యంత్రం నుంచి జవాబు వస్తానే నాకు ఫోన్ చెయ్యి."

"అదెంత పని! శాంపిల్ ఎట్లుంటే అట్లే" అని నవ్వి పెట్టేశాడు.

ఎనిమిదీ ఇరవైకి ఫోన్ మోగింది. "జవాబొచ్చింది పాపా. ఇ, ఆర్, ఆర్, ఒకటి."

అది ఒప్పుకుంటే ఓకే అని వస్తుంది. ఇ ఆర్ ఆర్ అంటే తప్పు. ఒకటి అంటే రహస్య సంఖ్య తప్పు అని నాకు జ్ఞాపకం. జ్ఞాపకమే, పుస్తకం తీసి చూసుకోలేదు. ఆ రహస్య సంఖ్యలో రెండు సున్నాలున్నాయి. బటన్ల ఫోన్‌లో మెసేజీ కొట్టేటప్పుడు సున్నా మీట ఊరికే నొక్కితే సున్నా పడదు, ఖాళీ పడుతుంది. కాసేపు నొక్కిపట్టుకుంటేనే సున్నా. అదే అయ్యుంటుందని తీర్మానించేసుకున్నాను.

"సున్నా కాడ మీట పట్టుకోవల్ల మామా, ఊరికే నొక్కితే ఖాళీ పడతాది!"

"పట్టుకునే కొట్టినా పాపా."

"లేదు, యాడో ఒకచోట వదిలేసినావు. మల్ల కొట్టు. ఒక్కొక్క సున్నా చూసుకుంటా కొట్టు."

"నువ్వు రాసిచ్చినట్లే కొట్టినా" అని గొణిగాడు. ఆ గొణుగుడు నేను పట్టించుకోలేదు.

ఎనిమిదీ ముప్పై అయిదుకు మళ్లీ ఫోన్. "అదే వచ్చింది పాపా. ఇ ఆర్ ఆర్ ఒకటి."

ఇంకొక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ తప్పితే యంత్రం రేపటిదాకా పలకదు. ఇడ్లీ ప్లేటు బల్ల మీద పెట్టేసి బస్టాండులో ఆ చివర నుంచి ఈ చివరకు తిరగడం మొదలుపెట్టాను. కదిరి బస్సు కండక్టరు నన్ను చూసి, బస్సు తప్పిపోయిందనుకున్నాడు పాపం. "ఇంగొకటి వస్తాదిలేక్కా" అని ఓదార్చాడు.

"మామా, ఇంగ కొట్టద్దు. దండం పెడతా, నేను చెప్పేదాకా ఏ మీటా ముట్టుకోవద్దు. పంపిన మెసేజీ తెరిచి మొదట్నుంచి నాకు చదివి వినిపించు."

ఫోన్ స్పీకర్లో పెట్టి చదివాడు. "స్టారు. నాలుగు. సున్నా. ఏడు. సున్నా. కామా. ఐ. ఎన్. టి. కామా. సున్నా. సున్నా. ఒకటి. నులకమంచం." హ్యాషును ఆయన నులకమంచం అంటాడు, చూడ్డానికి అట్లే ఉంటుందని. నేనూ అట్లే ఒప్పేసుకున్నాను ఎప్పుడో.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ చదివించాను. మళ్లీ సరిగ్గానే ఉన్నాయి. అక్షరాలు పెద్దవేనా అంటే పెద్దవే. కామా తర్వాత ఖాళీ ఉందా అంటే లేదు. ఇంక ఏం అడగాలో నాకు తోచలేదు. ఒకవేళ యంత్రమే పాడయిందా? బ్యాటరీ పోయిందా? బిగించిన రోజు రహస్య సంఖ్య నేనే తప్పు ఎక్కించానా? ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. ఇంతలో సారు ఫోన్.

"ఏమైందమ్మా? అందరూ మోటారు కాడ నిలబడుకున్నారు."

"పది నిమిషాలు సార్."

వెనక నుంచి ఎవరో గట్టిగా అన్నది నాకు వినపడింది. "ఏమప్పా, ఆమె యంత్రానికి ఇంకా ముహూర్తం కుదర్లేదా?" నలుగురు నవ్వారు. అది ఆసామి గొంతే. ఒళ్లు మండిపోయింది.

అప్పుడు తట్టింది, యంత్రం పుస్తకం నా ఫోన్‌లోనే ఉందని. ముందే చూడవలసింది. చూడలేదు, ఎందుకంటే నాకన్నీ తెలుసు కదా! ఎండలో తెర కనబడక, చున్నీ తల మీదికి లాక్కుని, ఒక్కొక్క పేజీ జరుపుకుంటూ పోయాను. తప్పుల పట్టిక ఎక్కడో చివర దొరికింది. రెండు అంటే రహస్య సంఖ్య తప్పు. ఒకటి అంటే మెసేజీ స్టారుతో మొదలు కాలేదు.

మొదలు కాకపోవడమేమిటి? మామ స్టారు అనే కదా చదివింది, రెండుసార్లు! మళ్లీ ఫోన్ చేసేటప్పటికి ఎనిమిదీ యాభై.

"మామా, స్టారుకు ముందు ఏమన్నా ఉండాదా?"

"ఏమీ లేదు పాపా."

"ఖాళీ? చుక్క? గీత?"

"లేదు."

"బాగా చూడు మామా. స్టారుకు ముందు అసలు ఏమీ లేదా?"

"ఏముంటాది? శ్రీ ఉండాది, అంతే."

నేను నడిచేదాన్ని నిలబడిపోయాను.

"ఏం శ్రీ?"

"శ్రీ పాపా. పైన శ్రీ, దాని కింద స్టారు. ఎస్ ఆర్ ఐ అని కొట్టినా."

"రెండుసార్లు చదివించినా గదా! అప్పుడు చెప్పలేదేం?"

"శ్రీని ఎవురన్నా చదువుతారా పాపా?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆయన అన్నది నిజమే కూడా. జాబు చదివేటప్పుడు పైనున్న శ్రీని ఎవరూ చదవరు. కానీ ఆ నిమిషంలో నాకు నవ్వు రాలేదు. తొమ్మిదికి పది నిమిషాలు కూడా లేవు. నీళ్ల గుటక లేదు, ఏమీ లేదు. నోరు తెరిచేశాను.

"యంత్రానికి శ్రీ ఏంది మామా? అదేమన్నా పెండ్లిపత్రికనా? ఊరి నీళ్లు పోతాంటే నీకు శ్రీ కావల్సి వచ్చిందా? చెప్పింది చెప్పినట్లు చేయమంటే నీ చాదస్తం తెచ్చి మధ్యలో పెడతావా? బుద్ధుండాదా?"

"అది కాదు పాపా, నువ్వు రాసిచ్చిన..."

"నేను రాసిచ్చింది ఒకటి, నువ్వు కొట్టింది ఒకటి! అరవై ఏండ్లొచ్చినాయి, చూసి కొట్టేది గూడా చేతకాదా?"

బస్టాండులో జనం తిరిగి చూశారు. ఫోన్‌లో అవతల తోట వైపు జీపు హారన్ మోగింది.

తర్వాత ఆయన మెల్లగా అడిగాడు. "శ్రీ తీసేయమంటారా, మేడమ్?"

రెండేళ్లలో ఆ మనిషి నన్ను ఒక్కసారి కూడా మేడమ్ అనలేదు. నాకు తెలిసింది, ఎక్కడో గుచ్చుకుంది కూడా. కానీ ఆగే తీరిక లేదు. "తీసెయ్! స్టారుకు ముందు ఏమీ ఉండకూడదు. ఏమీ అంటే ఏమీ" అని ఫోన్ పెట్టేశాను.

ఆ తర్వాతి నిమిషాలు ఎట్లా గడిచాయో నాకే తెలియదు. అది మూడోది. ఇంకేదైనా తప్పు పడితే అంతే సంగతులు. కంగారులో ఆయన సున్నా వదిలేస్తే? నా అరుపులకు తడబడి ఒక అంకె బదులు ఇంకొకటి పడితే? ఫోన్ చేసి అడుగుదామంటే మెసేజీ కొట్టే మనిషికి అడ్డం పడినట్టవుతుంది. ఫోన్ తెర వైపు చూస్తూ నిలబడ్డాను. తొమ్మిదికి అయిదు. తొమ్మిదికి మూడు. తొమ్మిది.

సారు ఫోన్. "ఇంగ ఆగేట్లు లేడమ్మా. మోటారు వేసేస్తాన్నారు. నీ యంత్రం రాస్తాందా?"

"ఒక్క రెండు నిమిషాలు సార్, కాళ్లు పట్టుకుంటా, ఏదో ఒకటి చెప్పి ఆపండి."

ఆయన ఏం చెప్పాడో తెలియదు. ఇంకో ఫోన్ వస్తున్న శబ్దం వినపడగానే సారుది కోసేసి అది ఎత్తాను.

"ఓ, కె. సున్నా సున్నా ఒకటి" అన్నాడు మామ. "సరిపోయిందా, మేడమ్?"

"సరిపోయింది మామా, సరిపోయింది!" అని అరిచాను. ఇంకేదో అందామనుకునేలోపే ఆయన పెట్టేశాడు. సారుకు కబురు చెప్పి, పక్కనున్న బల్ల మీద కూలబడ్డాను. చల్లారిన ఇడ్లీ ఇంకా అక్కడే ఉంది. తినలేకపోయాను.

అనంతపురం బస్సెక్కాక ఇంకొక దిగులు పట్టుకుంది. ఓకే అనడం వేరు, నిజంగా రాసుకోవడం వేరు. బ్యాటరీ నీరసంగా ఉంటే ఓకే అని కూడా నిద్రపోతాయి ఆ యంత్రాలు, అట్లాంటివి చూశాను. దారి పొడుగునా ఎండిన వేరుశనగ చేలను చూస్తూ అదే ఆలోచన. మామకు ఫోన్ చేయాలని రెండుసార్లు తీశాను. ఏమని చేయాలి? తప్పు ఆయనది కదా, నేనెందుకు తగ్గాలి అనుకుని రెండుసార్లూ లోపల పెట్టేశాను. అవును, అట్లాగే అనుకున్నాను.

అనంతపురంలో దిగి శింగనమల బస్సు పట్టుకుని, అక్కడి నుంచి ఎవరిదో బండి వెనక కూర్చుని చేను చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. సారు, ఆసామి, ఊరివాళ్లు పదిమంది దాకా దిమ్మె చుట్టూ ఉన్నారు. డబ్బా తలుపు అప్పటికే బార్లా తీసి ఉంది. మామ దూరంగా కానుగ చెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. తలెత్తి చూశాడు, పలకరించలేదు.

కేబులు తగిలించాను. రెండోసారికి గానీ దిగలేదు. ల్యాప్‌టాప్‌లో గీత మెల్లగా వచ్చింది. తొమ్మిది దాకా నేల మీద తాడు పడేసినట్టు తిన్నగా ఉంది. తొమ్మిది దాటిన తర్వాత ఒంగింది. నిమిషం నిమిషానికీ దిగింది, దిగుతూనే పోయింది, పదకొండు దాకా నిలువెత్తుకు పైగా దిగింది. పదకొండుకు తోట మోటారు ఆపగానే మళ్లీ పైకి లేచింది. ఎవరికీ ఏమీ వివరించి చెప్పవలసిన పని లేకపోయింది. ఆసామి ఆ గీత వంక కాసేపు చూసి, "యంత్రాలదేముందిలే" అంటూ వెళ్లిపోయాడు. మా సారు మాత్రం నా భుజం తట్టి "ఇది చాలమ్మా" అన్నాడు. ఆ వారంలోనే ఆ బోరు మూయించారు కూడా.

కానీ నేను చెప్పదలుచుకున్నది అది కాదు.

అందరూ వెళ్లిపోయిన తర్వాత యంత్రాన్ని మళ్లీ ఆరు గంటలకు మార్చి, డబ్బా తలుపు మూయబోయాను. తలుపు లోపలివైపు ప్లాస్టిక్ కవర్లో నా అట్టముక్క. రెండేళ్ల ఎండకు పసుపెక్కింది గానీ ఇంకు చెక్కుచెదరలేదు. నా చేతిరాతే. స్టారు, నాలుగంకెలు, కామా, అన్నీ ఉన్నాయి. వాటికి పైన, సరిగ్గా మధ్యలో, గుండ్రంగా, ముద్దుగా, శ్రీ.

నేనే రాశాను. రాసినట్టు కూడా నాకు గుర్తు లేదు. మా నాయన నాకు పలక మీద నేర్పిన మొదటి అక్షరం అది. కాగితం ముందు పెట్టుకుంటే పైన శ్రీ పడవలసిందే, కిరాణా చీటీ అయినా సరే. ఎన్నేళ్లుగా నా చేయి తనంతట తాను ఆ పని చేస్తోందో. మామ మాత్రం శాంపిల్ పీసును పై అంచు నుంచి కింది అంచు దాకా, ఉన్నది ఉన్నట్టు కుట్టాడు. చెప్పింది చెప్పినట్లు చేసింది ఆయనే.

సిగ్గుతో చచ్చిపోయాను. బుద్ధుండాదా అని అడిగాను కదా. అరవై ఏళ్లొచ్చాయి అన్నాను కదా. నలుగురిలో నిలబడి. తలుపు పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. మామ వచ్చి నా వెనక నిలబడ్డాడు, తాళం వేసుకుని పోదామని.

"ఇది నేనే రాసినా గదా మామా" అన్నాను. "నీకు పొద్దున్నే తెలుసు. నేను అన్ని మాటలంటే ఊరికే ఎందుకున్నావు?"

"చెప్పబోతిని గదా."

"గట్టిగా చెప్పల్ల!"

"అప్పుడు చెప్తే నువ్వు ఇంగా కంగారు పడిందువు. పని గావల్ల గదా ముందు." తాళం చేతిలో తిప్పుతూ నా వంక చూడకుండా అన్నాడు. "అయినా రాయదుర్గంలో గూడా అంతే. శాంపిల్ తప్పున్నా, పీసు రిజెక్టయితే కుట్టినోన్నే తిడతారు. మాకు అలవాటే, మేడమ్."

తప్పయింది మామా అన్నాను. ఆయన తలూపాడు, అంతే. ఇంకేం చేయాలో తెలియక సంచిలోంచి కొత్త అట్టముక్క, పెన్ను తీసి దిమ్మె మీద కూర్చున్నాను. ఈసారన్నా సరిగ్గా రాసిద్దామని. కళ్లల్లో నీళ్లు అడ్డం పడుతున్నాయి. స్టారు పెట్టడానికి పెన్ను ఆనించాను.

మామ వంగి చూశాడు. చూసి, పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు, ఆ పట్టేసిన నడుము పట్టుకుని మరీ నవ్వాడు. నేను అప్పుడు చూసుకున్నాను. అట్ట పైన, సరిగ్గా మధ్యలో, శ్రీ.

కొట్టేయబోతే చేయి పట్టుకుని ఆపాడు. చొక్కా జేబులోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి, అట్ట పైభాగాన్ని శ్రీ దాకా నీటుగా, వంకర లేకుండా కత్తిరించాడు. ఆ ముక్కను కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు. మిగిలిన అట్ట నా చేతికిచ్చాడు.

"ఇంగ ఈడ్నుంచి రాయి పాపా" అన్నాడు.